ముందు బ్రేకు పట్టు తగ్గిందా? కొత్త సామాను కొనే ముందు ఇవి చేయండి

బైకు కొని మూడు నాలుగేళ్లు దాటినవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "ముందు బ్రేకు మునుపటిలా పట్టడం లేదు. పెద్ద డిస్క్ వేయించమంటారా? కాలిపర్ మార్చమంటారా?" నా జవాబూ ఎప్పుడూ ఒక్కటే. ముందు మీ బ్రేకును కొత్తప్పుడు ఎలా ఉండేదో అలా చేయండి. ఆ తర్వాత కూడా చాలదనిపిస్తే మార్పుల గురించి మాట్లాడుకుందాం. నేను విప్పి చూసిన బండ్లలో చాలావాటికి కావలసింది పెద్ద డిస్క్ కాదు. కొత్త బ్రేక్ ఆయిల్, శుభ్రమైన పిస్టన్లు, తుప్పు వదిలిన పిన్నులు, ఇంతే.

చెన్నైలో ఈ పని వాయిదా వేయకూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఇక్కడ గాలిలో తేమకు కొదవ లేదు. సముద్రానికి దగ్గరగా, తిరువాన్మియూరులోనో బెసంట్ నగర్‌లోనో బండి ఆరుబయట నిలిపేవారికి ఉప్పు గాలి అదనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. 2015లో, మళ్లీ 2023 డిసెంబరులో వచ్చిన వరదల్లాంటి వాటిలో బండి చక్రం మునిగితే, ఇంజన్ ఆయిల్ మార్చినవారు కూడా బ్రేకును మరిచిపోతారు.

ఇక్కడ చెప్పేది డిస్క్ బ్రేకు గురించి. లీవర్ నొక్కితే హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను గొట్టంలోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి చక్రం దగ్గరి కాలిపర్‌లో ఉన్న పిస్టన్లు ప్యాడ్లను డిస్క్‌కు అదుముతాయి, బండి ఆగుతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి ఏది వర్తించదో అక్కడక్కడే చెబుతాను.

ముందు జబ్బు ఏమిటో తెలుసుకోండి

బండిని స్టాండు వేసి, లీవర్ నొక్కి చూడండి.

లీవర్ మెత్తగా, స్పాంజిలా నొక్కుకుపోతుంటే గొట్టంలో గాలి ఉంది, లేదా ఆయిల్ పాతబడింది. రెండు మూడుసార్లు వెంటవెంటనే నొక్కితే గట్టిపడుతుంటే అది మరింత ఖాయం.

లీవర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు గాజులా నున్నబడ్డాయి, లేదా వాటికి నూనె అంటింది, లేదా పిస్టన్లు బిగుసుకున్నాయి.

నొక్కి పట్టుకున్న లీవర్ మెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ అరిగిపోయింది. ఈ స్థితిలో బండి నడపకండి. దగ్గరలోని మెకానిక్ దాకా కూడా తోసుకునే వెళ్లండి.

ఆగేటప్పుడు లీవర్ వేళ్ల కింద దడదడమని కొట్టుకుంటే డిస్క్ వంగింది, లేదా దాని మీద ప్యాడ్ ముద్ర పడింది. వంగిన డిస్క్‌ను ఇంట్లో సరిచేయలేం, మార్చాలి.

వీటన్నిటికంటే ముందు ఒక సంగతి గుర్తు చేసుకోండి. ఈ మధ్య వాటర్ సర్వీస్ చేయించారా? మా బావమరిది బండికి జరిగింది చెబుతాను. వాటర్ సర్వీస్ చేసిన కుర్రవాడు చివరలో బండి మెరవడానికి డీజిల్ కలిపిన నూనె తుంపర కొట్టాడు. అది ముందు డిస్క్ మీద కూడా పడింది. అక్కడినుంచి బయలుదేరి వేళచ్చేరి సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కితే, బండి ఆగకుండా ముందున్న బస్సు వెనక బంపరుకు జానెడు దూరం దాకా వెళ్లింది. ఆ సాయంత్రం ప్యాడ్లు విప్పి చూశాను. వాటి ముఖం నల్లగా, చేతికి జిడ్డుగా ఉంది. నూనె పీల్చిన ప్యాడ్లను రుద్దినా కాల్చినా లాభం లేదు, పారేయాలి. ఇకమీదట వాటర్ సర్వీస్‌కి వెళ్లినప్పుడు పక్కనే నిలబడి, తుంపర వద్దని చెప్పండి. టైరుకు పూసే పాలిష్ కూడా వద్దు.

కావలసినవి

మూత తీయని డాట్ 4 (DOT 4, ఆయిల్ రకాన్ని తెలిపే గుర్తు) బ్రేక్ ఆయిల్ చిన్న సీసా. 250 మి.లీ. ఉంటే ముందు బ్రేకుకు సరిపోగా మిగులుతుంది. మీ బండికి ఏ రకం వాడాలో మాస్టర్ సిలిండర్ మూత మీదే ముద్రించి ఉంటుంది, అదే వాడండి. డాట్ 5 అన్నది సిలికాన్ ఆయిల్, దాన్ని డాట్ 3, 4, 5.1లతో ఎప్పుడూ కలపకూడదు. అంకె పెద్దది కాబట్టి మంచిదని కొనేస్తే బ్రేకే పాడవుతుంది.

ప్యాడ్ల జత, బ్రేక్ క్లీనర్ స్ప్రే, సిలికాన్ గ్రీజు, పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్లు, నూలు గుడ్డలు. నిపుల్‌కు, అంటే కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరకు, సరిపోయే రింగ్ స్పానర్ (చాలా బండ్లకు 8 నంబరు), దాని మీద బిగుతుగా ఎక్కే పారదర్శక గొట్టం ఒక అడుగు, ఒక ఖాళీ సీసా. అలెన్ కీలు. టార్క్ రెంచి (బోల్టును చెప్పినంత బిగువుకే బిగించే పనిముట్టు) ఉంటే మేలు, లేకపోతే స్నేహితుల దగ్గర ఒక పూట అరువు తెచ్చుకోండి.

కొత్త సామానుకు జనరల్ ప్యాటర్స్ రోడ్ దుకాణాలు చాలు. పుదుపేటలో వాడిన సామాను దొరుకుతుంది. అద్దానికో సైడ్ ప్యానెల్‌కో అక్కడికి వెళ్లండి, నేనూ వెళ్తాను. వాడిన కాలిపర్, వాడిన గొట్టం, వాడిన డిస్క్ మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. లోపలి సీల్ వయసు బయటికి కనిపించదు.

మొదటి పని: ప్యాడ్లు, పిస్టన్లు, పిన్నులు

1. కాలిపర్ ఫోర్కుకు బిగించి ఉన్నప్పుడే ప్యాడ్ పిన్ను కొద్దిగా వదులు చేయండి. కాలిపర్ విప్పాక చేతిలో పట్టుకుని తిప్పుదామంటే అది కదలదు, అలెన్ తల గుండ్రంగా అరిగిపోతుంది.

2. కాలిపర్ బోల్టులు రెండూ విప్పి, దాన్ని డిస్క్ నుంచి జాగ్రత్తగా బయటికి తీయండి. ఒక తాడుతో హ్యాండిల్‌కు వేలాడదీయండి. బరువంతా బ్రేకు గొట్టం మీద పడితే లోపల పొర చిరుగుతుంది.

3. ప్యాడ్లు తీసి చూడండి. ముఖం మీద గాడి మిగిలి ఉందా? గాడి చెరిగిపోతే, లేదా మందం 1.5 మి.మీ. కంటే తగ్గితే మార్చండి. రెండు ప్యాడ్లూ సమానంగా అరగాలి. ఒకటి బాగా అరిగి రెండోది కొత్తగా ఉంటే కాలిపర్ జారే పిన్నో పిస్టనో బిగుసుకుందని అర్థం. అది సరిచేయకుండా ప్యాడ్లు మాత్రం మారిస్తే డబ్బు వృథా.

4. ఇప్పుడు అందరూ తప్పుచేసే చోటు. పాత ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్లు బయటికి వచ్చి ఉంటాయి. ఆ బయటి అంచు మీద ధూళి, బ్రేకు పొడి, ఉప్పు గట్టిపడి ఉంటాయి. కొత్త ప్యాడ్లకు చోటు కోసం దాన్ని అలాగే లోపలికి నెట్టేస్తారు. ఆ మురికి వెళ్లి సీల్‌ను గీస్తుంది. అందుకని ముందు సబ్బు నీళ్లు, టూత్ బ్రష్‌తో పిస్టన్ చుట్టూ రుద్దండి. వెనక వైపు కనిపించదు, అక్కడికి గుడ్డను పేలికలా చేసి పిస్టన్ చుట్టూ తిప్పి లాగండి, బూటు పాలిష్ చేసినట్టు. లోహం మెరిసేదాకా చేయండి. మెరిసిన తర్వాత వేలి గోరు ఆనించి చుట్టూ తిప్పండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అది తుప్పు గుంట. ఆ పిస్టన్, దాని సీల్ మార్చాల్సిందే.

పెట్రోలు, కిరోసిన్, డీజిల్ ఇక్కడ వాడకండి. రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

5. కాలిపర్ బయట ఉండగా లీవర్ నొక్కకండి, పిస్టన్ ఊడి ఆయిలంతా కారిపోతుంది. రెండు పిస్టన్లలో ఒకటి కదలడం లేదని అనుమానముంటే, కదిలేదాన్ని చెక్కముక్కతో అదిమిపట్టి, లీవర్‌ను చాలా కొద్దిగా నొక్కి రెండోదాన్ని రెండు మి.మీ. బయటికి రప్పించండి. శుభ్రం చేసి లోపలికి నెట్టండి. నాలుగైదుసార్లు ఇలా చేస్తే చాలావరకు వదులవుతుంది.

6. లోపలికి నెట్టేముందు మాస్టర్ సిలిండర్ మూత తీసి, డబ్బాలో ఆయిల్ నిండుగా ఉంటే కొంచెం సిరంజితో తీసేయండి. లేకపోతే అది పొంగి ట్యాంకు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. ఒక్క చుక్క పడినా తుడవడంతో సరిపెట్టక నీళ్లు పోసి కడగండి.

7. కాలిపర్ జారే పిన్నులు బయటికి లాగి పాత గ్రీజు తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. మామూలు చక్రాల గ్రీజు రాస్తే రబ్బరు బూటు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. చెన్నైలో నేను చూసిన జబ్బుల్లో ఈ పిన్నుల తుప్పే మొదటిది. రెండు పిన్నులూ వేలితో నెడితే జారాలి.

8. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా తుడవండి. డిస్క్ మీదే కనిష్ఠ మందం చెక్కి ఉంటుంది. వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరంతో) నేరుగా కొలిస్తే అరగని అంచు అడ్డొచ్చి తప్పు లెక్క వస్తుంది. అరిగిన దారి మీద రెండు వైపులా ఒక్కో రూపాయి బిళ్ల ఆనించి కొలిచి, బిళ్లల మందం తీసివేయండి.

9. ప్యాడ్లు, స్ప్రింగ్ రేకు ఎలా ఉన్నాయో అలాగే పెట్టండి. విప్పే ముందు ఫోన్లో ఫొటో తీసుకుంటే ఇక్కడ తడుముకోనక్కరలేదు. బోల్టులను మీ బండి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించండి.

10. బండి కదిలించే ముందు లీవర్‌ను గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. ఈ మాట మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే నేను ఒకసారి మరిచిపోయాను. ప్యాడ్లు మార్చిన సంతోషంలో బండి స్టార్టు చేసి వాలు దిగాను. లీవర్ నొక్కితే హ్యాండిల్ దాకా ఖాళీగా వచ్చింది. అపార్టుమెంటు గేటు మూసి ఉంది కాబట్టి దాన్ని గుద్దుకుని ఆగాను. తెరిచి ఉంటే నేరుగా రోడ్డు మీదికి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు తాళం చెవిని ముందు బ్రేకు లీవర్‌కే రబ్బరు బ్యాండుతో కట్టి పని మొదలుపెడతాను. లీవర్ పట్టుకోకుండా తాళం చేతికి రాదు.

రెండో పని: ఆయిల్ మార్చడం, గాలి తీయడం

కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టిన డాట్ 4కు ఆ హద్దు 155 డిగ్రీలే. తిరుమల ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడో, 70 హెయిర్‌పిన్ మలుపులున్న కొల్లి మలై నుంచి దిగుతున్నప్పుడో ఆ తేడా తెలుస్తుంది. ఆయిల్‌లోని నీరు ఆవిరై బుడగలవుతుంది, లీవర్ నొక్కితే బుడగలు నొక్కుకుంటాయి, బ్రేకు పడదు. రెండేళ్లకోసారి మార్చమని చాలా మాన్యువళ్లు చెబుతాయి. చెన్నైలో నేను వానాకాలం ముగిశాక, ఏడాదికోసారి మారుస్తాను.

రంగు చూడండి. కొత్త ఆయిల్ పలుచని తేనెలా ఉంటుంది. ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగుకు వచ్చిందంటే ఇప్పటికే ఆలస్యమైంది.

1. హ్యాండిల్ తిప్పి మాస్టర్ సిలిండర్ సమతలంగా ఉండేలా చూడండి. చుట్టూ తడిగుడ్డ కప్పండి. మూత మీది రెండు స్క్రూలు ఉప్పుగాలికి పట్టేసి ఉంటాయి. స్క్రూ డ్రైవరు తల సరిగ్గా కూర్చుందో లేదో చూసి, వెనక సుత్తితో రెండుసార్లు తట్టి, అప్పుడు తిప్పండి. తొందరపడితే తల చెదిరి, డ్రిల్ చేయాల్సి వస్తుంది.

2. డబ్బాలోని పాత ఆయిల్ సిరంజితో తీసేయండి. అడుగున తెల్లటి స్ఫటికాలో జిగురో కనిపిస్తే నూలు గుడ్డతో తుడవండి. అక్కడ సూదిమొన అంత రంధ్రం ఒకటి ఉంటుంది. లీవర్ వదిలాక ఆయిల్ తిరిగి డబ్బాలోకి వచ్చేది దానిగుండానే. అది మూసుకుపోతే బ్రేకు వదలదు, వేడెక్కిన కొద్దీ చక్రాన్ని పట్టేస్తుంది. కాలిపర్‌దే తప్పని చాలామంది కాలిపర్ మార్చేస్తారు.

3. కొత్త ఆయిల్ పోయండి. నిపుల్ మీద ముందు స్పానర్, దానిపై గొట్టం ఎక్కించి, గొట్టం రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి.

4. లీవర్ నొక్కి పట్టుకోండి. నిపుల్ పావు తిప్పు తెరవండి. లీవర్ దిగుతుంది, దిగిన చోటే పట్టుకుని నిపుల్ మూయండి. మూశాకే లీవర్ వదలండి. ఈ వరస తారుమారైతే గాలి వెనక్కి పీలుస్తుంది. ఒకరు లీవర్ దగ్గర, ఒకరు నిపుల్ దగ్గర ఉండి "నొక్కాను, మూశాను" అని పైకి చెప్పుకుంటూ చేస్తే పొరపాటు జరగదు.

5. ఐదారు సార్లకోసారి డబ్బా చూడండి. ఆయిల్ అడుగంటితే గాలి దూరుతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. గొట్టంలో రంగు మారి, బుడగలు ఆగేదాకా కొనసాగించండి.

6. నిపుల్‌ను మరీ బలంగా బిగించకండి. లోపల బోలుగా ఉంటుంది, విరిగితే కాలిపర్‌లో ఇరుక్కుపోతుంది. దాని రబ్బరు టోపీ మరవకుండా పెట్టండి.

ఇంతచేసినా లీవర్ కొంచెం మెత్తగా ఉంటే కంగారు వద్దు. లీవర్‌ను హ్యాండిల్‌కు గుడ్డతో కట్టి రాత్రంతా వదిలేయండి. చిన్న బుడగలు పైకి చేరి, పొద్దున కట్టు విప్పగానే డబ్బాలోకి పోతాయి. కాలిపర్‌ను చెక్క సుత్తితో మెల్లగా తట్టడం కూడా పనిచేస్తుంది.

ఏబీఎస్ ఉన్న బండికి ఇదే పద్ధతిలో ఆయిల్ మార్చవచ్చు, డబ్బా మాత్రం ఒక్కసారి కూడా ఖాళీ కాకూడదు. ఏబీఎస్ పెట్టెలోకి గాలి వెళ్తే లీవర్‌తో తీయడం కష్టం, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో యంత్రం తగిలించి తీయించాల్సి రావచ్చు.

మిగిలిన ఆయిల్ సీసా దాచుకోవద్దు. మూత తీసిన రోజే తేమ పీల్చడం మొదలవుతుంది.

ఇంకా కావాలంటే: మార్పులు

మొదట ప్యాడ్లు. మామూలు ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా పడతాయి, డిస్క్‌ను తక్కువ అరగదీస్తాయి. సింటర్డ్ (లోహపు పొడిని అదిమి చేసిన) ప్యాడ్లు వానలోనూ వేడిలోనూ బాగా పట్టుకుంటాయి. చెన్నై వానల్లో రోజూ తిరిగేవారికి నేను ఇవే చెబుతాను, మీ డిస్క్‌కు అవి సరిపోతాయని ప్యాడ్ల పెట్టె మీద మీ బండి పేరు ఉంటేనే.

తర్వాత స్టీలు అల్లిక గొట్టం. పాత రబ్బరు గొట్టం ఒత్తిడికి కొద్దిగా ఉబ్బుతుంది. ఇది ఉబ్బదు, లీవర్ కింద బ్రేకు స్పష్టంగా తెలుస్తుంది. గొట్టం కొసను బిగించే బ్యాంజో బోల్టు దగ్గర రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయాలి. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు కూడా గొట్టం బిగుసుకోకుండా, చక్రానికి రాసుకోకుండా ఉందో చూడండి. ఏబీఎస్ బండికి ఈ పని ఇంట్లో వద్దు.

మాస్టర్ సిలిండర్ విషయంలో చాలామంది మోసపోతారు. పెద్దది పెడితే బ్రేకు బలం పెరుగుతుందనుకుంటారు, జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. 12.7 మి.మీ. పిస్టన్ ఉన్నచోట 14 మి.మీ.ది పెడితే వైశాల్యం దాదాపు 21 శాతం పెరుగుతుంది. అదే పట్టు కోసం మీ వేళ్లు అంతమేర ఎక్కువ నొక్కాలి. లీవర్ రాయిలా గట్టిగా ఉంటుంది, దాన్ని చూసి "భలే బ్రేకు" అనుకుంటారు, బండి మాత్రం ఆగదు. కాలిపర్ మార్చినప్పుడు దానికి తగిన మాస్టర్ సిలిండరే ఉండాలి. తయారీదారు ఒకే బండి మీద కలిపి వాడిన జతను ఎంచుకోవడమే క్షేమం.

పెద్ద డిస్క్‌కు కాలిపర్‌ను దూరం జరిపే పట్టీ కావాలి. ఎవరో లేత్ మీద చేసిన పట్టీకి మీ ప్రాణం అప్పగించకండి. డ్రమ్ బ్రేకును డిస్క్‌గా మార్చేవారు కూడా ఫోర్కుకు వెల్డింగ్ చేయించవద్దు. అదే బండి డిస్క్ మోడల్‌కు చెందిన ఫోర్కు కాలు, చక్రం, మాస్టర్ సిలిండర్ మొత్తం వేయాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండిలో చేసే మార్పులకు హద్దులు పెట్టిందన్న సంగతీ గుర్తుంచుకోండి.

వీటన్నిటికీ ముందు టైరు చూసుకోండి. ముందు టైరు గట్టిపడి అరిగి ఉంటే, ఎంత మంచి బ్రేకైనా చేసేది చక్రాన్ని జార్చడమే.

పని అయ్యాక ఎలా సరిచూసుకోవాలి

లీవర్‌ను బలంగా నొక్కి ముప్పై సెకన్లు పట్టుకోండి. ఒక్క వెంట్రుకవాసి కూడా దిగకూడదు. ముందు చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పండి. సన్నగా రాసుకునే చప్పుడు పరవాలేదు, రెండు చుట్లు కూడా తిరగకుండా ఆగితే ఏదో పట్టేస్తోంది.

ఏబీఎస్ దీపం తాళం తిప్పగానే వెలిగి, బండి కొంచెం కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే చక్రం దగ్గరి సెన్సర్ తీగ లాగుడు పడిందేమో చూడండి.

కొత్త ప్యాడ్లను డిస్క్‌కు అలవాటు చేయాలి. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని, 50 కి.మీ. వేగం నుంచి 10 దాకా నిదానంగా తగ్గించండి. పూర్తిగా ఆపకండి. పది పన్నెండుసార్లు, మధ్యలో అర కిలోమీటరు చల్లారనిస్తూ చేయండి. అప్పటిదాకా పట్టు తక్కువగానే ఉంటుంది కాబట్టి ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి. వేడిగా ఉన్నప్పుడు లీవర్ నొక్కి నిలబడితే ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడి, దడ మొదలవుతుంది.

ఇంటికొచ్చాక డిస్క్ మీద చేయి పెట్టకండి, కాలుతుంది. నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. అసలు బ్రేకు వాడకుండా రెండు కిలోమీటర్లు వచ్చినా నీళ్లు చుర్రుమంటే, ప్యాడ్లు వదలడం లేదు. మళ్లీ పిన్నులు, ఆ సూదిమొన రంధ్రం చూడాలి.

ఆ రాత్రి నిపుల్ చుట్టూ, బ్యాంజో బోల్టు చుట్టూ, మాస్టర్ సిలిండర్ కింద ఒక్కో టిష్యూ కాగితం చుట్టి వదిలేయండి. పొద్దున విప్పి వెలుగులో చూడండి. మూడూ పొడిగా ఉంటే ఆఫీసుకు బండి తీయండి. ఒక్కదాని మీద తడి మచ్చ ఉన్నా ఆ రోజు బస్సెక్కండి.